బెంగళూరులో స్థలం హద్దులు తేల్చుకోవడం ఎలా

బెంగళూరులో స్థలం కొనే తెలుగువారు చాలామంది ఖాతా చేతికి రాగానే హద్దులు కూడా తేలిపోయినట్టే భావిస్తారు. నిజానికి ఖాతా అనేది పన్ను విధింపు కోసం నగరపాలక సంస్థ ఉంచుకునే లెక్క మాత్రమే, అది యాజమాన్యాన్ని గాని హద్దును గాని నిర్ణయించదు.

ముందుగా రిజిస్టరైన విక్రయ దస్తావేజులోని చెక్కుబందీని, అంటే నాలుగు దిక్కుల సరిహద్దుల వివరాన్ని, పాత దస్తావేజులతోను, ఆమోదం పొందిన లేఅవుట్ ప్లానుతోను పోల్చి చదవండి. విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన కుదరనప్పుడు న్యాయస్థానాలు సాధారణంగా హద్దులకే ప్రాధాన్యమిస్తాయి కనుక ఈ పనిలో తొందర వద్దు. తరువాత కర్ణాటక ప్రభుత్వ దిశాంక్ యాప్‌లో స్థలం ఏ సర్వే నంబరులో పడుతుందో, పక్కన రాజకాలువ (వాన నీటిని తీసుకుపోయే పెద్ద కాలువ) గాని చెరువు గాని ఉందేమో చూడండి. ఫోనులోని జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపగలదు. 30 అడుగుల వెడల్పు స్థలంలో ఆ తేడా చాలా పెద్దది, కాబట్టి యాప్ చూపేదానిని సూచనగానే తీసుకోండి.

సర్వే నంబరు కలిగిన భూమికైతే కర్ణాటక సర్వే శాఖ ఆన్‌లైన్ వ్యవస్థ అయిన మోజిణి ద్వారా హద్దుబస్తుకు, అంటే హద్దుల నిర్ధారణకు, దరఖాస్తు చేయండి. ప్రభుత్వ సర్వేయరు పొరుగువారికి నోటీసు ఇచ్చి, కొలిచి, హద్దులు గుర్తిస్తారు. కాగితాలు కన్నడంలో ఉంటాయి కనుక చదవగలవారిని వెంట ఉంచుకోవడం చాలా అవసరం. యాజమాన్యంపైనే తగాదా ఉంటే సివిల్ కోర్టును ఆశ్రయించాలి.