తెల్ల పొణికి: గింజ పగలగొట్టడం దగ్గర్నుంచి వాలులో నాటే దాకా

కొండపల్లి బొమ్మలకు వాడేది తెల్ల పొణికి కర్రే. బొమ్మకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, కర్రకు మాత్రం కరువొచ్చింది. నర్సరీకెళ్తే ఎర్రచందనం కావలసినన్ని దొరుకుతాయి (దాని పుట్టిల్లు శేషాచలం వైపు కొండలు, మన కొండపల్లివి కావు), పొణికి దొరకడం కష్టం. గింజ పెంకు రాయిలా ఉండి సులువుగా మొలవదు. పని కష్టమంతా అక్కడే.

ముందు చెట్టును సరిగా గుర్తుపట్టాలి. దూరం నుంచి చూస్తే తపసి చెట్టుతో పొరబడతారు, రెంటికీ బెరడు తెల్లగానే ఉంటుంది. తపసి ఆకు అయిదు చీలికలతో అరచెయ్యిలా ఉంటుంది, కాయ నక్షత్రంలా విచ్చుకుని నూగు గుచ్చుకుంటుంది. పొణికి ఆకు వెడల్పుగా గుండె ఆకారంలో, అంచున గరుకు పళ్లతో ఉంటుంది. ఆకు తిప్పి వేలితో రుద్దండి. అడుగున తెల్లటి నూగు మందంగా తగిలితే పొణికే. కాయ గుండ్రంగా, పైన బూడిదరంగు నూగుతో, లోపల ఒకటే గింజతో ఉంటుంది.

కొండపల్లి అడవి రిజర్వు ఫారెస్టు. కాయలు ఏరాలన్నా ముందు రేంజి ఆఫీసులో అడిగి అనుమతి తీసుకోండి. పచ్చికాయ కోయొద్దు, పండి రాలినవే తీసుకోండి. కండ తీసేసి, కడిగి, నీడలో వారం ఆరబెట్టాలి. అందులోంచి పది పగలగొట్టి చూడండి. పప్పు తెల్లగా నిండుగా ఉంటే సరే, గోధుమరంగులో ముడుచుకుపోయినవి సగానికి మించితే ఆ చెట్టు కాయలు వదిలేయడమే మేలు. నూనె గింజ కాబట్టి ఎక్కువకాలం దాచొద్దు, ఆ సీజన్లోనే వేసేయండి.

పెంకు పగలగొట్టడానికి సుత్తి కన్నా వడ్రంగి బెంచీకి ఉండే వైస్ నయం. గింజను దవడల మధ్య పెట్టి పిడిని కొద్దికొద్దిగా తిప్పండి, 'టక్'మనగానే ఆపేయండి. ఇంకో పావు చుట్టు తిప్పితే పప్పు నలుగుతుంది, నలిగిన పప్పు మొలవదు, బూజు పడుతుంది. చీలిక పడ్డాక పెంకును చాకుమొనతో విప్పి పప్పును బయటికి తీయండి.

ఇప్పుడు జిబ్బరెలిక్ యాసిడ్, అంటే గింజను మొలకెత్తించే హార్మోను. ఎరువుల షాపులో 0.001 శాతం ద్రవం సీసా ఇస్తారు. అది లీటరుకు 10 మిల్లీగ్రాములే, ఈ పనికి చాలదు. 90 శాతం పొడి తెచ్చుకోండి. అర గ్రాము పొడిని ముందు కొద్దిగా స్పిరిట్లో కరిగించి, తర్వాత లీటరు నీళ్లలో కలపాలి. నేరుగా నీళ్లలో వేస్తే సరిగా కరగదు. పప్పులను 24 గంటలు నానబెట్టి తీసి, కిలోకి 4 గ్రాముల లెక్కన ట్రైకోడెర్మా (కుళ్లు తెగుళ్లను ఆపే మంచి శిలీంద్రపు పొడి) పట్టించండి. పెంకు పోయిన పప్పుకు రక్షణ ఉండదు మరి.

6×9 అంగుళాల పాలిథీన్ సంచుల్లో ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక రెండు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి నింపండి. పచ్చి ఎరువు వేస్తే పప్పు కుళ్లుతుంది. అర అంగుళం లోతున పెట్టి, సగం ఎండ తగిలే షేడ్‌నెట్ కింద ఉంచండి. తడి ఉండాలి గానీ నీళ్లు నిలవకూడదు. చీమలు, ఎలుకలు పప్పు కోసమే వస్తాయి, పైన సన్న జాలీ కప్పండి. మొలకలన్నీ ఒకేసారి రావు, రాని సంచిని తొందరపడి పారబోయకండి. సంచులను రెండు వారాలకోసారి జరపకపోతే వేరు నేలలోకి దిగిపోతుంది, నాటేనాడు తెగుతుంది.

నాటేది తొలకరి పడ్డాక. ఇబ్రహీంపట్నం, మైలవరం వైపు గానీ, కోటప్పకొండ, కొండవీడు పక్కల గానీ రాళ్లు కలిసిన వాలు నేల చూసుకోండి. డెల్టా నల్లరేగడి దీనికి పనికిరాదు, వర్షాకాలంలో వేరు ఉక్కిరిబిక్కిరి అవుతుంది. అడుగున్నర గుంత, మొక్కకూ మొక్కకూ నాలుగు మీటర్ల ఎడం. ఒక్క మొక్కే నాటితే గింజ పట్టదు, పొణికిలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. మొలకలో ఏది ఏదో తెలియదు, కనీసం ఆరేడు నాటితే రెండూ పడే అవకాశం బాగుంటుంది.

మేకల కంచె, మొదటి రెండు వేసవుల్లో పది రోజులకోసారి బిందెడు నీళ్లు, మొక్క చుట్టూ మీటరు మేర గడ్డి చెక్కడం (కొండకు నిప్పంటుకునేది ఎండుగడ్డితోనే) తప్పవు. ఎండాకాలంలో ఆకంతా రాల్చి మోడులా నిలబడితే చచ్చిందనుకుని పీకేసేవాళ్లే ఎక్కువ. గోటితో కాండం గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే అది బతికే ఉంది. చెట్టు పూతకొచ్చినప్పుడు ఏది ఆడదో చూసి కాండానికి రంగు గుర్తు పెట్టుకోండి. తర్వాతి గింజలు అక్కడే ఏరుకోవచ్చు, కొండెక్కే పని ఉండదు.