పాత కారు కమానుకట్ట: పట్టీల లెక్క, గ్రీజు మోతాదు

కళింగపట్నం నుంచి పూసపాటిరేగ దాకా ఉప్పుగాలి తగిలే ఊళ్లలో షెడ్డులో ఊరికే నిలబెట్టిన కారు కమాన్లూ తుప్పు పడతాయి. కమానంటే చక్రాలకీ బండికీ మధ్య గతుకు దెబ్బ కాచుకునే, ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల కట్ట. పట్టీల సందుల్లో దిగిన తేమ ఓ పట్టాన ఆరదు. తుప్పు పొంగి పట్టీలు బిగుసుకుంటే కట్ట వంగదు, గతుకు దెబ్బంతా ఛాసిస్‌కే (బండి చట్రానికే) తగులుతుంది. తుప్పు తిన్న గుంటల దగ్గరే పగుళ్లూ మొదలవుతాయి.

కొత్త కట్ట చేయించేవారు ముందు పట్టీ మందం చూసుకోవాలి. పెద్దపట్టీ రెండు కొసల్లో బండికి తగిలించే చుట్టల్ని కన్నులంటారు. కన్నుకీ కన్నుకీ మధ్య 1000 మి.మీ., వెడల్పు 45, మందం 6, పట్టీలు 7 అనుకోండి. 300 కిలోల బరువుకి లెక్క ప్రకారం దాదాపు 78 మి.మీ. కుంగుతుంది. ఇంకో పట్టీ చేరిస్తే 69. అదే ఏడు పట్టీల మందం 7 మి.మీ. చేస్తే 49కి పడిపోతుంది, ఎందుకంటే గట్టితనం మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అందుకే కట్ట మెత్తబడిందని మందపాటి లారీ కమాను ముక్క కోసి వేయకండి. అదే మందంలో ఒక పట్టీ చేర్చడం మేలు.

పొట్టి పట్టీలకి వంపు కాస్త ఎక్కువుండాలి. పేర్చినప్పుడు మధ్యలో సన్నని సందు కనిపించి, పట్టీలన్నిటినీ నడుమ గుచ్చి పట్టే సెంటర్ బోల్టు బిగించగానే మూసుకోవాలి. అప్పుడే కన్నున్న పెద్దపట్టీ మీద భారం కొంత తగ్గుతుంది. వంపు సరిచేయడానికి గ్యాస్ మంట పెడితే ఉక్కు పదును పోతుంది.

ఇక గ్రీజు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీకి షాక్ అబ్జార్బర్లు లేవు. పట్టీల మధ్య రాపిడే ఊగును ఆపేది. అలాంటి బండికి గ్రీజు దట్టిస్తే గతుకు దాటాక కూడా ఊగుతూనే ఉంటుంది. రాపిడి పూర్తిగా పోకూడదు, అలాగని పట్టీలు పట్టేయకూడదు.

కట్ట విప్పేముందు పట్టీల ముందువైపు పంచ్‌తో గుర్తు పెట్టండి. సెంటర్ బోల్టుకి ఇరుపక్కలా జి-క్లాంపులు బిగించాకే నట్టు తీయండి, లేకపోతే పట్టీలు ఎగిరి తగులుతాయి. వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, కిరసనాయిలుతో కడిగి బాగా ఆరనివ్వండి. పట్టీ కొస పై పట్టీలో గాడి తీసి ఉంటే ఆ కొస అంచుని ఆకురాయితో గుండ్రంగా రాయండి. గాడి లోతుగా ఉంటే ఆ పై పట్టీని మార్చేయాల్సిందే. గ్రాఫైట్ గ్రీజుని వేలితో పలచగా, లోహం మసగ్గా కనిపించేంత పూస్తే చాలు.

విప్పే అవసరం లేకపోతే జాకీ ఛాసిస్ కింద పెట్టి, స్టాండ్ల మీద నిలిపి చక్రాలు వేలాడనివ్వండి. పట్టీల కొసలు కాస్త విడతాయి, ఆ సందుల్లోకి గ్రీజు ఎక్కించండి. కమాను కొసని ఛాసిస్‌కి కలిపే షాకిల్ పిన్నుకి మాత్రం అంచున కొత్త గ్రీజు పైకొచ్చేదాకా కొట్టాలి, రబ్బరు బుష్‌లున్న చోట గ్రీజు తగలనివ్వకండి.

కట్టని యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ-బోల్టులు చివరిసారి బిగించేది బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించండి. అవి వదులైతే పట్టీ సెంటర్ బోల్టు రంధ్రం దగ్గరే విరుగుతుంది, బోల్టు తెగితే యాక్సిల్ పక్కకి జరుగుతుంది.