గోదావరి గట్టున బొమ్మ వేయడం ఎలా? ఏది ఉన్నట్టే వేయాలి, ఏది మార్చుకోవచ్చు

చాలా ఆదివారాలు పొద్దున్నే రాజమండ్రి పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుని నీటిరంగులతో బొమ్మ వేస్తాను. పక్కన వేసుకునేవాళ్ళు తమ బొమ్మలు తెచ్చి చూపిస్తుంటారు. ఏళ్ళ తరబడి అవే రెండు పొరపాట్లు చూస్తున్నాను. ఒకరు ఆర్చి వంతెనకున్న 28 ఆర్చీలూ లెక్కపెట్టి మరీ వేస్తారు, తీరా చూస్తే గోదావరికి చోటు మిగలదు. ఇంకొకరు ఆగస్టు వరదలో ఎర్రగా పారుతున్న నీటికి నీలం పూసేసి "ఇది నా ఇంటర్‌ప్రిటేషన్ అండీ" అంటారు. ఈ రెండూ జరగకుండా బొమ్మ ఎలా వేయాలో చెబుతాను.

సామాను

300 జీఎస్ఎమ్ మందం పేపరు, ఫుల్ షీటులో నాలుగో వంతు చాలు. పదో నంబరు రౌండ్ బ్రష్ ఒకటి, అంగుళం ఫ్లాట్ బ్రష్ ఒకటి. రంగులు ఐదు: అల్ట్రామరీన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా, యెల్లో ఓకర్, అలిజరిన్ క్రిమ్సన్, లెమన్ యెల్లో. నలుపు ట్యూబు కొనకండి. అల్ట్రామరీన్‌లో బర్న్ట్ సియెన్నా కలిపితే అంతకంటే మంచి ముదురు రంగు వస్తుంది. నీళ్ళకు రెండు డబ్బాలు, ఒక పాత బట్ట, ఒక గొడుగు. గొడుగు మీకోసం కాదు, పేపరు కోసం. ఎండలో పేపరు మెరిసిపోతుంటే ఎంత ముదురుగా వేసినా చాలనట్టే ఉంటుంది. ఇంటికెళ్ళి చూస్తే బొమ్మంతా మసకబారి ఉంటుంది.

చోటు చూసుకోవడం

నీడ ఉన్న చోటు చూసుకుని కూర్చోండి. కూర్చున్నాక మాత్రం లేవకండి. ఘాట్ పై మెట్టు మీద నిలబడితే నది వెడల్పుగా పరుచుకుని కనిపిస్తుంది. కింది మెట్టు మీద కూర్చుంటే అదే నది సన్నటి పట్టీలా అయిపోతుంది. సగం బొమ్మ నిలబడి, సగం కూర్చుని వేస్తే నీళ్ళు ఒక వైపుకు ఒరిగినట్టు వస్తాయి.

ఫోన్‌తో ఫోటో తీసుకుని ఇంటి దగ్గర వేసుకుంటామనేవాళ్ళకు ఒక మాట. ఫోన్ లెన్స్ ఎదుటి దృశ్యాన్ని వెడల్పుగా పడుతుంది కాబట్టి దూరాన ఉన్నవన్నీ చిన్నవైపోతాయి. పాపికొండల మధ్య లాంచీలో వెళ్ళినవాళ్ళు ఫోటోలు ఒకసారి తీసి చూసుకోండి. మీద పడతాయేమో అన్నంత ఎత్తుగా కనిపించిన కొండలు అందులో మట్టి గుట్టల్లా ఉంటాయి. ఆ ఫోటోను కొలతలు తప్పకుండా దించితే కచ్చితంగా ఉన్నది ఉన్నట్టు వేశామనుకుంటాం. కానీ అది లెన్స్ చూసిన కొండ. లాంచీలో తల ఎత్తి మీరు చూసిన కొండ అందులో లేదు.

బ్రష్ పట్టకముందు

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఇది సరిగ్గా వస్తే మిగతా పని సాఫీగా సాగుతుంది. అందుకే నిదానంగా చెబుతాను, నిదానంగానే చదవండి.

ఇరవై నిమిషాల పాటు ఏమీ వేయకండి. కళ్ళు సగం మూసి చూడండి. చిన్న చిన్న వివరాలు చెరిగిపోయి నాలుగైదు పెద్ద ముక్కలు మిగులుతాయి: ఆకాశం, అవతల కొవ్వూరు గట్టు, నీళ్ళు, వంతెన, దగ్గరున్న పడవ. వీటిలో ఏది అన్నిటికంటే తెల్లగా ఉంది, ఏది అన్నిటికంటే ముదురుగా ఉంది, మధ్యలోవి ఏ వరసలో ఉన్నాయి? అగ్గిపెట్టె అంత చిన్న బొమ్మ పెన్సిల్‌తో వేసి ఆ వరస అందులో పెట్టండి. వెలుగు ఎటునుంచి వస్తోందో మూలన ఒక బాణం గుర్తు వేయండి. సూర్యుడు గంటకు పదిహేను డిగ్రీలు జరుగుతాడు. ఏడింటికి మెట్ల మీద ఉన్న పొడుగాటి నీడ తొమ్మిదయ్యేసరికి సగానికి పైగా తగ్గిపోతుంది. బాణం వేయనివాళ్ళ బొమ్మలో వంతెన నీడ ఏడు గంటలది, పడవ నీడ తొమ్మిది గంటలది అవుతుంది.

ఇప్పుడు ఏం మార్చాలో తేల్చుకోండి. నా పద్ధతి ఇది. సంఖ్య మార్చవచ్చు, చోటు మార్చవచ్చు, అడ్డొచ్చినదాన్ని తీసేయవచ్చు. ఆర్చీలు దగ్గరివి ఐదో ఆరో స్పష్టంగా వేసి, మిగిలినవి మంచులో కలిసిపోయేలా ఒక్క వాష్‌లో, అంటే ఒక్క పలుచటి రంగు పూతలో, వదిలేస్తాను. పాత హేవ్‌లాక్ రైలు వంతెనకు 56 స్పాన్లు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య ముక్కలు. డిసెంబరు పొద్దున ఘాట్ మీద కూర్చుంటే అవతలి సగం ఎలాగూ కనపడదు, లెక్క తెలుసు కదా అని కనపడనివి వేయడం తప్పు. కరెంటు తీగలు, ఫ్లెక్సీలు, ఆగి ఉన్న ఆటోలు ఉంచాలా తీసేయాలా అన్నది మీ ఇష్టం.

ఏ మార్పు చేసినా ఎందుకో ఒక్క వాక్యంలో పైకి చెప్పండి. "ఈ స్తంభం పడవకు అడ్డొస్తోంది కాబట్టి తీసేస్తున్నాను." ఇది కారణం. "పడవ గీయడం కష్టం కాబట్టి అక్కడ గడ్డి వేస్తున్నాను" అన్నది కారణం కాదు. నా దగ్గరికొచ్చే బొమ్మల్లో సగం మార్పులు ఈ రెండో రకానివే. చేతకాని చోటల్లా ఇంటర్‌ప్రిటేషన్ అంటే ఎన్నేళ్ళు వేసినా పడవ వేయడం రాదు.

కొన్ని మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. వెలుగు వచ్చే దిక్కు. ముదురు, లేత రంగుల వరస. మీ చూపు ఎత్తు. చెట్టు జాతి కూడా. తాడి నిటారుగా నిలబడుతుంది, గట్టు మీది కొబ్బరి నీళ్ళ వైపు వంగుతుంది. రెండిటికీ ఒకే రకం గీతలు గీసి పైన పచ్చ రంగు అద్దితే అది ఏ చెట్టూ కాదు. నీటిలో ప్రతిబింబం ఎప్పుడూ ఆ వస్తువుకు సరిగ్గా కిందే పడుతుంది. తెల్ల పడవ ప్రతిబింబం పడవకంటే కొంచెం ముదురుగా, నల్ల పడవ ప్రతిబింబం కొంచెం లేతగా ఉంటుంది. ఏ వస్తువును పక్కకు జరిపినా దాని నీడనూ, నీటిలోని ప్రతిబింబాన్నీ దానితోపాటే జరపాలి. ఇది మరచిపోయినవాళ్ళు ఎంతమందో.

ఈ జాబితాలో చివరిది నాకు ఒక జాలరి నేర్పాడు. చాలా ఏళ్ళ క్రితం బొమ్మలో ఎడమ పక్క ఖాళీగా ఉందని, అక్కడ తాడుతో కట్టి ఉన్న పడవను మూతి ఎడమకు తిప్పి వేశాను. వంతెనకు స్పాన్లు సగానికి తగ్గించాను, గుడిని ఇటు తెచ్చాను. వలలు దులుపుకుంటున్న ఆయన వచ్చి నా వెనక చాలాసేపు నిలబడ్డాడు. గుడి గురించి ఏమీ అనలేదు, స్పాన్లు లెక్కే పెట్టలేదు. పడవ మీద వేలు పెట్టి, "గోదారి అటునుంచి ఇటొస్తుంటే, మూతికి తాడు కట్టిన పడవ ఇటెలా తిరుగుద్దండీ?" అన్నాడు. రాజమండ్రి గట్టు నుంచి చూస్తే గోదావరి కుడి నుంచి ఎడమకు పారుతుంది. మూతికి తాడు కట్టిన పడవ ఏటికి ఎదురు తిరిగి నిలబడుతుంది, అంటే కుడికి. నేను మార్చిన వాటిలో నదిని అబద్ధం చేసింది అదొక్కటే. ఆ పడవ కడిగేసి మళ్ళీ వేశాను. ఆ మరక పేపరు మీద ఇప్పటికీ ఉంది.

పెద్దవాళ్ళు చేసింది చూస్తే ఈ తేడా ఇంకా బాగా అర్థమవుతుంది. ఇంగ్లండ్ చిత్రకారుడు టర్నర్ 1843లో ఆల్ప్స్ పర్వతాల్లోని ఫైడో కనుమను నీటిరంగుల్లో వేశాడు. ఆ బొమ్మ వేయించుకున్న కళా విమర్శకుడు రస్కిన్ 1845లో ఆ చోటికే వెళ్ళి చూస్తే అక్కడి కొండలు బొమ్మలో ఉన్నంత పెద్దవి కావు. అయినా ఆయన తప్పు పట్టలేదు. అక్కడికి చేరేదాకా దాటుకుంటూ వచ్చిన పెద్ద పెద్ద లోయలన్నీ మనసులో పెట్టుకుని టర్నర్ వేశాడని సమర్థించాడు. మన ఊళ్ళోనే చిత్రకారుడు దామెర్ల రామారావు పేరిట గ్యాలరీ ఉంది. 1897లో పుట్టి 1925లోనే వెళ్ళిపోయిన మనిషి ఎంత చూసి, ఎంత గీసుకున్నాడో అక్కడి స్కెచ్‌లు చెబుతాయి. బొమ్మలు వేసేవాళ్ళు ఘాట్‌కి వచ్చే ముందు ఒకసారి అక్కడికి వెళ్ళి రావాలి.

రంగు వేయడం

ఆకాశం, నీళ్ళు ఒకే ఊపులో తడి పేపరు మీద వేయండి. తడి మీద ఉన్నదానికంటే ఆరాక రంగు లేతబడుతుంది కాబట్టి అనుకున్నదానికంటే ఒక మెట్టు ముదురుగా వేయండి. వరద నీటికి యెల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా కలపండి. కానీ మొత్తం నది ఒకే మట్టి రంగులో వేయకండి. దగ్గర నీటిలోకి వంగి చూస్తాం కాబట్టి ఒండ్రు కనిపిస్తుంది. దూరాన చూపు నీటి మీద ఏటవాలుగా పడుతుంది కాబట్టి అక్కడ ఆకాశమే ఎక్కువ కనిపిస్తుంది. ఆగస్టులోనూ కొవ్వూరు గట్టు కింద ఒక లేత బూడిద నీలం చార ఉంటుంది. నీలం వేయాలనుకుంటే అక్కడ వేయండి.

అది ఆరాక అవతలి గట్టు, ఆ తర్వాత వంతెన, చివర్లో పడవ. అన్నిటికంటే ముదురు రంగు ఒక్క చోటే, పడవ దగ్గర పెట్టండి. వేసవిలో రంగు నిమిషంలో ఆరిపోతుంది, అప్పుడు చిన్న పేపరు వాడండి.

ఆపడం

గంటన్నర దాటితే ఆపేయండి. అప్పటికి మీరు మూలన వేసిన బాణం, ఎదుటి నీడలు కలవవు. ఇంటికెళ్ళాక ఫోటో చూసి దిద్దకండి. బొమ్మను అద్దంలో చూడండి, ఏదైనా ఒరిగి ఉంటే వెంటనే తెలుస్తుంది. అదొక్కటీ సరిచేయండి.

పేపరు వెనక తేదీ, టైము, నీటి రంగు, గాలి ఎటు వీచిందో రాయండి. దాని కింద ఏమేం మార్చారో రాయండి. నా బొమ్మల వెనక "స్తంభం తీశాను, గుడి కొంచెం కుడికి, పడవ కదపలేదు" అని ఉంటుంది.