పక్షవాతం, తలదెబ్బ తర్వాత మాట రాకపోతే: ఏ లక్షణానికి ఏం చేయాలి

మా నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. నాలుగేళ్ల కిందట బ్రెయిన్ స్ట్రోక్ వచ్చి కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి. ఆస్పత్రి నుంచి హైదరాబాద్ మలక్‌పేటలో ఇంటికి తీసుకొచ్చిన వారంలోనే చుట్టాలు వరస కట్టారు. వచ్చినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "బావా, నేనెవరో చెప్పు చూద్దాం?" ఆయన నోరు తెరిచేవారు, మాట వచ్చేది కాదు, కళ్లలో నీళ్లు తిరిగేవి. వాళ్లు వంటింట్లోకి వచ్చి "పాపం, మమ్మల్ని మర్చిపోయాడు" అని అమ్మతో అనేవాళ్లు. నిజానికి ఆయన ఒక్కరినీ మర్చిపోలేదు.

'మాట పడిపోయింది' అని మనం ఒక్క మాటలో చెప్పేస్తాం గానీ, దాని కింద నాలుగైదు వేర్వేరు సమస్యలుంటాయి. ఒకదానికి చేసేది ఇంకోదానికి పనికిరాదు. అది మాకు తెలిసేసరికి మూడు నెలలు గడిచిపోయాయి.

మనిషి తెలుసు, వస్తువు తెలుసు, పేరు మాత్రం నోటికి రాదు

కారణం: చాలామందిలో భాష పని చూసేది మెదడు ఎడమ భాగం. శరీరం కుడివైపును నడిపించేదీ అదే. అందుకే కుడిచెయ్యి పడిపోయినవాళ్లలో మాట కూడా దెబ్బతినడం ఎక్కువగా చూస్తాం. ఇలా మెదడు దెబ్బతిని భాష పోవడాన్ని అఫేసియా అంటారు. 1861లో పాల్ బ్రోకా అనే ఫ్రెంచి డాక్టర్ దగ్గర 'టాన్' అనే ఒక్క శబ్దం తప్ప పలకలేని రోగి ఉండేవాడు. అతను చనిపోయాక చూస్తే మెదడు ఎడమవైపు ముందు భాగంలో దెబ్బ కనిపించింది. ఎదుటివాళ్లు చెప్పేది మాత్రం అతనికి చాలావరకు అర్థమయ్యేదట. నాన్నదీ అదే బాపతు.

తెలుగులో ఇది ఇంకో చిక్కు తెస్తుంది. ఒక రోజు ఆయన "రేపు... ఆస్పత్రి... ఫోన్" అన్నారు. మన భాషలో అర్థమంతా 'కి', 'నుంచి', 'తో'ల్లోనూ, చివరి క్రియలోనూ ఉంటుంది. సరిగ్గా అవే ఎగిరిపోతాయి. రేపు ఆస్పత్రికి ఫోన్ చేయాలా, రేపు రమ్మని ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చిందా? నేను నాకు తోచింది ఊహించి చెప్పేశాను. ఆయన విసుక్కుని గోడవైపు తిరిగి పడుకున్నారు.

పరిష్కారం: రెండే దారులిచ్చి అడగండి. "ఫోన్ మనం చేయాలా? వాళ్లే చేశారా?" అడిగాక మనసులో పది లెక్కపెట్టండి. ఆ పది సెకన్లు చాలా పొడుగ్గా అనిపిస్తాయి, అయినా నోరు మెదపొద్దు. ఏదైనా వస్తువు పేరు అప్పటికీ రాకపోతే దాని చుట్టూ ఉన్న సంగతులు అందించండి: దేంతో తింటాం, ఎక్కడ పెడతాం, మొదటి అక్షరం 'చెం...'. చాలాసార్లు 'చెంచా' దానంతటదే వచ్చేస్తుంది. స్పీచ్ థెరపిస్టులు చేయించేదీ ఇలాంటిదే. రోజంతా "ఇదేంటి? అదేంటి?" అని పరీక్ష పెట్టడం వేరు. ఇంటికొచ్చేవాళ్లకు మేం ఒక రూలు పెట్టాం: ఎవరైనా సరే, పేరు, వరస తామే చెప్పుకుని కూర్చోవాలి. కొందరికి కోపం వచ్చింది. రానివ్వండి.

ఒకసారి చక్కగా వస్తుంది, మళ్లీ అనమంటే రాదు

నన్ను పేరు పెట్టి పిలవలేని మనిషి, ఓ సాయంత్రం నేను ఊరికే "దిల్‌సుఖ్‌నగర్..." అనగానే "మూసారాంబాగ్, మలక్‌పేట, చాదర్‌ఘాట్, కోఠి" అని బస్సు స్టాపుల వరసంతా గడగడా చదివేశారు. ఆనందం పట్టలేక "ఏదీ, మలక్‌పేట అను నాన్నా" అన్నాను. 'మ... బ... పల...' అంతే.

కారణం: ఏళ్ల తరబడి నోటికి పట్టిన వరస వేరు, కావాలని పలికే మాట వేరు. అంకెలు, వారాలు, దండకాలు, పాటలు, ఆఖరికి తిట్లు కూడా మొదటి రకం. ఏ శబ్దం తర్వాత ఏది అని నోటికి ఆజ్ఞ ఇచ్చే పథకం చెడితే అప్రాక్సియా అంటారు. కండరాల్లో బలం ఉన్నా పలుకు ప్రతిసారీ ఒక్కోలా తప్పుతుంది.

పరిష్కారం: మీ పెదాలు కనిపించేలా ఎదురుగా కూర్చుని, రోజూ అవసరమయ్యే మాటలు పది ఎంచుకుని మళ్లీ మళ్లీ కలిసి పలకండి. రాగం కట్టి, ఎడమచేత్తో తాళం వేయిస్తూ పలికించే పద్ధతి 1973 నుంచీ వాడుకలో ఉంది. అందరికీ పనిచేయదు, మాకు 'మంచి-నీళ్లు'తో మొదలుపెడితే కాస్త పనిచేసింది.

తెలుగు రావట్లేదు, హిందీ ముక్క వస్తోంది

మా ఇంట్లో మొదట స్పష్టంగా వినబడిన మాట "ఆగే బఢో" (ముందుకు జరగండి). హైదరాబాద్‌లో ఇది వింతేమీ కాదు. రెండు మూడు భాషలు వచ్చినవాళ్లలో అన్నీ కలిసి కోలుకోవడమే ఎక్కువ, ఒకటి ముందు రావడమూ ఉంటుంది. ఏది వస్తే దాన్ని రానివ్వండి, "తెలుగులో చెప్పు" అని ఆపకండి. థెరపీ మొదలుపెట్టేటప్పుడే మనిషికి వచ్చిన భాషలన్నీ చెప్పండి.

ఊఁ అంటారు, అది అవునో కాదో తెలీదు

మనకు 'ఊఁ', 'ఊహూఁ' వినడానికి దాదాపు ఒకటే. పైగా అఫేసియాలో అవును, కాదు తారుమారవుతాయి. మాత్ర, నొప్పి, డబ్బు లాంటి విషయాల్లో ఒక్క 'ఊఁ'ను నమ్మొద్దు. బొటనవేలు పైకి, కిందికి చూపించడం నేర్పించండి. "నొప్పిగా ఉందా?" అన్నాక కాసేపాగి "నొప్పి లేదా?" అని తిప్పి అడగండి. రెంటికీ ఊఁ అంటే ఆ జవాబు లెక్కలోకి రాదు.

ధారాళంగా మాట్లాడతారు, అర్థం ఉండదు

ఇక్కడ దెబ్బతిన్నది ముఖ్యంగా అర్థం చేసుకునే శక్తి. తాము తప్పు మాట్లాడుతున్నామని కూడా వాళ్లకు చాలాసార్లు తెలీదు, అందుకే మనమీద కోపం. గొంతు పెంచి లాభం లేదు, అది చెవుడు కాదు. టీవీ కట్టేసి, చిన్న వాక్యంలో ఒక్క విషయం చెప్పి, ముఖ్యమైన మాట కాగితం మీద రాసి చూపించండి.

మాట ముద్దగా వస్తుంది

కారణం: పదం తెలుసు, వాక్యం సరిగ్గానే ఉంది, నాలుక, పెదవి, గొంతు కండరాలకు పట్టు తగ్గింది. ఇది డిసార్థ్రియా. నిటారుగా కూర్చోబెట్టండి. ఊపిరి తీసుకుని, ఒక్కో మాటా విడదీసి చెప్పమనండి. ముందు విషయం ('కరెంటు బిల్లు'), తర్వాత సంగతి చెబితే వినేవాళ్లకు సగం పని తప్పుతుంది. కొందరు బెలూన్లు ఊదించమంటారు, దానిమీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఆ సమయం మాట్లాడించడానికే పెట్టండి.

మా పెద్దత్త వసకొమ్మ పట్టుకొచ్చి, తేనెలో అరగదీసి నాలుకకు రాస్తానంది. దెబ్బ మెదడులో ఉంటే నాలుకకు రాసి ఏం ప్రయోజనం? అదీకాక మింగడం సరిగ్గా లేని మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోగలదు. ఇంకో మాట: పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తట్టి ఊరుకుంటాం. స్ట్రోక్ తర్వాత నీళ్లు తాగిన ప్రతిసారీ పొలమారినా, గొంతు గరగరలాడినా ఇంట్లో ప్రయోగాలొద్దు. మింగడం పరీక్షించేదీ స్పీచ్ థెరపిస్టే, ఆ రోజే అడగండి.

మాట బాగానే ఉంది, సంభాషణే నిలవదు

బైక్ యాక్సిడెంట్లలో తలకు దెబ్బ తగిలినవాళ్లలో ఇది ఎక్కువ. చెప్పిందే చెప్పడం, విషయం దాటిపోవడం, నోటికొచ్చింది అనేయడం. మాట స్పష్టంగా ఉంది కాబట్టి ఇంట్లోవాళ్లు 'పొగరు' అనుకుంటారు. మెదడు ముందు భాగం దెబ్బతింటే శ్రద్ధ, జ్ఞాపకం, అదుపు తగ్గుతాయి. ఒక్కసారికి ఒక్కరే మాట్లాడండి. డైరీ, ఫోన్ అలారం అలవాటు చేయండి. దారి తప్పితే "మనం అద్దె సంగతి మాట్లాడుకుంటున్నాం" అని మామూలు గొంతుతో వెనక్కి తీసుకురండి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. వినికిడి, మాట సమస్యలకు అది కేంద్ర ప్రభుత్వ సంస్థ. మమ్మల్ని ఓ క్లినిక్‌లో "ఆరు నెలలు దాటాయి, ఇక రాదు" అని పంపేశారు. మొదటి నెలల్లో వేగం ఎక్కువన్నది నిజమే. తర్వాత కూడా మెల్లగా మెరుగవుతారు, నాన్న 'కాఫీ వద్దు, టీ' అన్నది రెండో ఏడు. లోపం శాశ్వతంగా మిగిలితే, 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో అఫేసియా వల్ల వచ్చే మాట, భాష వైకల్యం కూడా ఉంది. సర్టిఫికెట్‌కు అప్లై చేయొచ్చు.

కుదుటపడిన మాట ఉన్నట్టుండి మళ్లీ పోయినా, మూతి వంకరపోయినా థెరపిస్ట్ కోసం ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. మెదడులో రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడానికి మామూలుగా ఉన్న గడువు, లక్షణం మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలే.

ఇప్పుడు నాన్న ఒక్కరే కిరాణా కొట్టుకు వెళ్తారు. చొక్కా జేబులో లామినేషన్ చేయించిన కార్డు ఉంటుంది: "నాకు స్ట్రోక్ వచ్చింది. మీరు చెప్పేది అర్థమవుతుంది. మాట ఆలస్యంగా వస్తుంది, కాస్త ఆగండి." వెనకవైపు ఇంటి నంబరు, నా ఫోన్ నంబరు. మొదటి కార్డు తెలుగులోనే రాశాను. ఆటో ఆయన చదవలేకపోయాడు, రెండోదాంట్లో ఉర్దూ, హిందీ కూడా రాయించాను.