క్లస్టర్ గెలాక్సీలన్నీ ముసలివే అని వస్తోందా? ముందు ఇవి చూసుకోండి

వేసవి వచ్చిందంటే అనంతపురంలో మా వరండా ఎమ్మెస్సీ ప్రాజెక్టు పిల్లలతో నిండిపోతుంది. లక్షల గెలాక్సీల ఫొటోలు, స్పెక్ట్రమ్‌లు (రంగురంగులుగా విడగొట్టిన కాంతి) పోగేసిన స్లోన్ సర్వే డేటా ఉచితం, నెట్ ఉంటే చాలు. అందరి గ్రాఫూ ఒకటే చెప్తుంది: గుంపులో (క్లస్టర్‌లో) ఉన్న గెలాక్సీలు ఎర్రగా, ముసలిగా, అంటే కొత్త నక్షత్రాలు పుట్టక; విడిగా ఉన్నవి నీలంగా, పడుచుగా. అందులో తప్పేం లేదు. గుంపు చిక్కబడేకొద్దీ సర్పిలాలు (చుట్టలు తిరిగిన చేతులున్న గెలాక్సీలు) తగ్గిపోతాయని 1980లోనే ఖగోళ శాస్త్రవేత్త డ్రెస్లర్ 55 క్లస్టర్లు గాలించి చూపించాడు. అసలు తంటా ఎక్కడెక్కడ వస్తుందో కింద రాస్తున్నా.

సమస్య: గుంపుకూ బయటికీ తేడా నమ్మలేనంత ఎక్కువగా ఉంది.

కారణం: చాలాసార్లు బరువే. భారీ గెలాక్సీ ఎక్కడున్నా తొందరగానే నక్షత్రాలు పుట్టించడం మానేస్తుంది. పైగా భారీవి గుంపుల్లోనే ఎక్కువ. పరిసరాన్ని కొలిచామనుకుని మీరు బరువును కొలిచారు.

పరిష్కారం: నక్షత్రాల ద్రవ్యరాశిని బట్టి విడగొట్టి, సమాన బరువున్నవాటినే పోల్చండి. పోయిన ఏడాది ఒకమ్మాయి ఇట్ల చేసేసరికి పెద్ద గెలాక్సీల్లో తేడా దాదాపు మాయమైంది, చిన్న ఉపగ్రహ గెలాక్సీల్లోనే (పెద్దదాని చుట్టూ తిరిగేవాటిలో) నిలబడింది. "సార్, ప్రాజెక్టు పోయింది" అని మొహం వేలాడేసింది. పోవడమేందమ్మా, నీ ఫలితమే అది! నక్షత్రాల పుట్టుకను బరువు ఆర్పేది వేరు, పరిసరం ఆర్పేది వేరు అని 2010లో పెంగ్ అనే శాస్త్రవేత్త బృందం చెప్పిందీ అదే.

సమస్య: ఫొటోలో గెలాక్సీ చేతులు నీలంగా మెరుస్తున్నాయి, స్పెక్ట్రమ్ మాత్రం ముసలిదంటోంది.

కారణం: గెలాక్సీ కాంతిని స్పెక్ట్రమ్ పరికరానికి చేర్చే స్లోన్ పాత ఫైబర్ వెడల్పు ఆకాశం మీద 3 ఆర్క్‌సెకన్లే (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). కన్య క్లస్టర్ సుమారు 5.4 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. అక్కడ ఆ ఫైబర్‌లో పట్టేది 800 కాంతి సంవత్సరాల లోపు ముక్క. అంటే నడిమధ్య ఉబ్బు, పాత నక్షత్రాల ఇల్లు. నడిమధ్య పాత ఇళ్లే చూసి ఊరి వయసు కట్టినట్టు కాదూ?

పరిష్కారం: గెలాక్సీ పొడవునా చాలా చోట్ల స్పెక్ట్రమ్ తీసిన మాంగా సర్వే మ్యాపులు వాడండి, లేదా పడుచు నక్షత్రాలను పట్టిచ్చే అతినీలలోహిత కాంతిని మొత్తం గెలాక్సీకి తీసుకోండి.

సమస్య: కోమా క్లస్టర్ నట్టనడుమ ఉన్న గెలాక్సీ 'ఒంటరి' అని వచ్చింది.

కారణం: రెడ్‌షిఫ్ట్‌ను (గెలాక్సీ దూరమయ్యే వేగానికి కాంతి ఎరుపు వైపు జరగడాన్ని) నేరుగా దూరంగా మార్చారు. అక్కడ గెలాక్సీలు సెకనుకు 1000 కిలోమీటర్ల చొప్పున అటూ ఇటూ ఉరుకుతుంటాయి, ఆ వేగం కూడా రెడ్‌షిఫ్ట్‌లో కలిసిపోతుంది. వేగాన్ని దూరంగా మార్చే హబుల్ స్థిరాంకం 70 వేసి భాగించండి: 14 మెగాపార్సెక్‌లు, దాదాపు 4.6 కోట్ల కాంతి సంవత్సరాల దొంగదూరం!

పరిష్కారం: ఆకాశం మీద దూరం చూసి, వేగంలో సెకనుకు ±1000 కిలోమీటర్ల లోపున్న పొరుగులను లెక్కపెట్టండి.

సమస్య: స్పెక్ట్రమ్‌లో హైడ్రోజన్ మెరుపు గీత హెచ్-ఆల్ఫా లేదు, దాని నల్లగీత హెచ్-డెల్టా మాత్రం లోతుగా ఉంది.

లెక్క కుదరలేదని ఆ గెలాక్సీని పారేయకండి. హెచ్-ఆల్ఫా వెలిగించే నక్షత్రాలు ఓ కోటి ఏళ్లకే పోతాయి, హెచ్-డెల్టాను లోతు చేసే ఏ-రకం నక్షత్రాలు వంద కోట్ల ఏళ్ల దాకా ఉంటాయి. పుట్టుక ఈమధ్యే, ఉన్నట్టుండి ఆగిందన్నమాట.

సమస్య: గ్యాస్ పోయింది సరే, ఎట్ల పోయిందో తేలడం లేదు.

కారణాలు రెండు. కళ్లంలో తూర్పార పట్టడం చూసుంటారు కదా, గాలికి పొట్టు ఎగిరిపోతుంది, గింజ నేరుగా కింద పడుతుంది. కోట్ల డిగ్రీల క్లస్టర్ గ్యాస్‌లోకి దూసుకెళ్లే గెలాక్సీకీ అంతే: గ్యాస్ పొట్టు, నక్షత్రాలు గింజలు. 1972లో శాస్త్రవేత్తలు గన్, గాట్ చెప్పింది ఇదే. రెండోది వంక పూడిపోయిన చెరువు: కొత్త నీళ్లు రావు, ఉన్నవి కొన్నేళ్లు తాగుతాం. అట్ల నిదానంగా ఆరిన గెలాక్సీ ఉన్న గ్యాస్‌తోనే నక్షత్రాలు కట్టుకుంటూ పోతుంది, కాబట్టి లోహాలు (హైడ్రోజన్, హీలియం కన్నా బరువైన మూలకాలు) పేరుకుంటాయి.

పరిష్కారం: రేడియోలో హైడ్రోజన్ మ్యాపు తెరిచి తోక ఉందేమో చూడండి. ఉంటే చాలావరకు తూర్పారే. లేకపోతే అదే బరువున్న, ఇంకా నక్షత్రాలు పుట్టిస్తున్న గెలాక్సీలతో లోహాల పాళ్లు పోల్చండి. ఎక్కువగా ఉంటే వంక వైపు అనుమానించండి.