చిన్న బోర్ డబుల్ బ్యారెల్ షాట్‌గన్ ఫ్రేమ్‌ను ఎలా కొలవాలి?

పాత డబుల్ బ్యారెల్ షాట్‌గన్‌లను (రెండు గొట్టాల తుపాకులను) సేకరించేవారు 20 గేజ్, 28 గేజ్, 410 బోర్ తుపాకుల విషయంలో ముందుగా ఆరా తీసేది ఫ్రేమ్ పరిమాణం గురించే. బోర్ అంటే గొట్టం లోపలి రంధ్రం, గేజ్ అంటే దాని వెడల్పును తెలిపే సంఖ్య, ఫ్రేమ్ అంటే బ్యారెల్స్ వెనుక భాగం అమరే లోహపు దిమ్మె. ఒకే గేజ్ తుపాకిని వేర్వేరు ఫ్రేమ్‌లపై తయారుచేసిన సందర్భాలు ఉన్నందున, గేజ్ తెలిసినంత మాత్రాన ఫ్రేమ్ తెలిసినట్టు కాదు. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని మెరిడెన్ పట్టణంలో పార్కర్ బ్రదర్స్ సంస్థ తయారుచేసిన తుపాకులకు ఫ్రేమ్ సంఖ్యలు ఉంటాయి కనుక వాటితోనే మొదలుపెట్టడం సులువు.

తుపాకిని తెరిచి, రెండు ఛాంబర్లూ (తూటా కూర్చునే చోట్లు) ఖాళీగా ఉన్నాయని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకున్న తరువాతే ఫోర్‌ఎండ్ (బ్యారెల్స్ కింద ముందు చేత్తో పట్టుకునే చెక్క భాగం) ఊడదీసి బ్యారెల్స్‌ను వేరుచేయాలి. బ్యారెల్స్ అడుగున ఫ్రేమ్‌లోకి దిగే లోహపు ముక్క అయిన లగ్‌పై ఫ్రేమ్ సంఖ్య ముద్రించి ఉంటుంది. సున్నాలు పెరిగేకొద్దీ ఫ్రేమ్ చిన్నదవుతుంది. పాత నూనె, మురికి పేరుకుని ఒక సున్నా కనబడకపోతే 00 కాస్తా 0గా తోస్తుంది కాబట్టి, మెత్తని గుడ్డతో తుడిచి, వెలుతురు పక్కనుంచి పడేలా పట్టుకుని చదవాలి.

ముద్రను నమ్మి ఊరుకోకుండా కొలత కూడా తీసుకోవాలి. ఫ్రేమ్ నిలువు ముఖంపై ఉన్న రెండు ఫైరింగ్ పిన్ (తూటాను పేల్చే మొన) రంధ్రాల కేంద్రాల మధ్య దూరమే ఇక్కడ కీలకం. కేంద్రాన్ని కంటితో అంచనా వేయడం కష్టం. అందుకు బదులు ఎడమ రంధ్రం ఎడమ అంచు నుంచి కుడి రంధ్రం ఎడమ అంచు వరకు కొలిస్తే, రంధ్రాలు సమానంగా ఉన్నప్పుడు అదే దూరం వస్తుంది. కుడి అంచులతో మరోసారి కొలిచి సగటు తీసుకుంటే అరుగుదల వల్ల వచ్చే తేడా కొంత సర్దుకుంటుంది. ఈ దూరం 000 ఫ్రేమ్‌కు 7/8 అంగుళం, 00కు 15/16, 0కు 1 అంగుళం, 1కి 1 1/16, 2కు 1 1/8 అంగుళాలు ఉంటుంది. ఒక్కో మెట్టుకు తేడా 1.6 మిల్లీమీటర్లే కనుక టేపు పనికిరాదు, వెర్నియర్ కాలిపర్స్ కావాలి. లోహపు రంగులపై గీత పడితే తుపాకి విలువే పడిపోతుంది కాబట్టి ప్లాస్టిక్ కాలిపర్స్ మేలని నా అభిప్రాయం. కొలతకూ ముద్రకూ పొంతన కుదరకపోతే, ఫ్రేమ్‌పైనా బ్యారెల్స్‌పైనా ఉన్న క్రమసంఖ్యలు ఒకటేనా అన్నది చూడాలి.

బోర్ వ్యాసాన్ని బోర్ గేజ్ అనే కొలత పరికరంతో, బ్యారెల్ వెనుక అంచు నుంచి 9 అంగుళాల లోపల కొలవడం బ్రిటిష్ అలవాటు. ప్రామాణిక వ్యాసం 20 గేజ్‌కు 0.615 అంగుళాలు, 28 గేజ్‌కు 0.550 అంగుళాలు, 410 మాత్రం గేజ్ కాదు, అది నేరుగా 0.410 అంగుళాల వ్యాసమే. బ్యారెల్ గోడ మందాన్ని బయటి వ్యాసంలోంచి బోర్‌ను తీసేసి లెక్కగట్టకూడదు. బోర్ మధ్యలో లేకపోతే ఒక వైపు పలుచబడిన సంగతి ఆ లెక్కలో దాగిపోతుంది. గోడ మందం కొలవడానికి వేరే పరికరం ఉంది, ఒక్కోచోట చుట్టూ నాలుగు వైపులా చూడాలి. పాత ఛాంబర్లు నేటి 2 3/4 అంగుళాల తూటా కంటే పొట్టిగా ఉండవచ్చు, లేదా తరువాత ఎవరైనా పొడిగించి ఉండవచ్చు కనుక ఆ పొడవునూ రాసిపెట్టుకోవాలి.

చివరిగా బ్యారెల్స్‌ను తూకం వేయాలి. పార్కర్ బ్యారెల్స్ అడుగున కొన్నిటిపై కనబడే బరువు సంఖ్య నునుపు చేయకముందు తీసినది కనుక, మీ తూకం దానికంటే తక్కువ రావడం సహజమే.