తోట దారికీ ఘాట్ రోడ్డుకీ సరిపోయే స్టెప్నీ: ఎలా ఎంచుకోవాలి, ఎక్కడ పెట్టాలి

పోయిన జూన్‌లో తిరుపతి వైపు దామలచెరువు దగ్గర మా బంధువుల తోట నుంచి నాలుగు క్రేట్లు బేనిషా మామిడి వేసుకుని వస్తుంటే, గట్టు దిగే చోట గ్రానైట్ రాయి ఒకటి వెనక ఎడమ టైరు పక్కభాగాన్ని కోసేసింది. ముల్లు గుచ్చుకుని ఉంటే అక్కడే స్ట్రిప్ పెట్టి గాలి కొట్టుకుని వచ్చేవాణ్ణి. కానీ సైడ్‌వాల్ కోసుకుపోయిన టైరుకి పంక్చర్ కిట్టు పనికిరాదు. బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, ఫోర్ బై ఫోర్, అంటే కావాలంటే నాలుగు చక్రాలూ లాగే రకం. వెనక తలుపుకి స్టెప్నీ ఉంది కదా అని విప్పి బిగించాను. ముందు రోజు వాన పడి దారంతా ఎర్ర బురద, అందుకని నాలుగు చక్రాలూ లాగేలా లివర్‌ని ఫోర్ హైలో వేసుకుని వచ్చి, తారు రోడ్డెక్కాక కూడా ఆ లివర్ సంగతి మరిచిపోయాను. కాసేపటికి మలుపుల్లో స్టీరింగ్ బిగుసుకుపోయినట్టు అనిపించింది. లివర్ లాగితే, వెనక రెండు చక్రాలే లాగే టూ హైకి రాదు. చివరికి నేరుగా కొద్ది మీటర్లు రివర్స్ తీస్తే టక్కుమని వదిలింది. ఆ పది నిమిషాల టెన్షన్ ఇంకెవరికీ వద్దనే ఇంత వివరంగా రాస్తున్నాను.

పాకాలలో పంక్చర్ షాపతను రెండు టైర్లనూ పక్కపక్కన నిలబెట్టి చూపించాడు. "చూడన్నా, స్టెప్నీ వేలు మందం పొట్టిగా ఉంది." పాత ఓనర్ నాలుగు చక్రాలకీ 18 అంగుళాల అల్లాయ్‌లు వేయించి, ఐదోదాన్ని మాత్రం పాత 16 అంగుళాల డిస్కుతోనే, అంటే స్టీలు రిమ్ముతోనే వదిలేశాడు. నేను కొనేటప్పుడు ఇంజనూ ఛాసీసూ అన్నీ చూశాను, వెనక తగిలించిన టైరు సైజు మాత్రం చదవలేదు.

ఈ లెక్క ఎవరైనా ఇంట్లో వేసుకోవచ్చు. టైరు మీద 255/65 ఆర్18 అని ఉంటే వెడల్పు 255 మిల్లీమీటర్లు, పక్కభాగం ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 18 అంగుళాలు. పక్కభాగం ఎత్తుని రెండింతలు చేసి రిమ్ముకి కలిపితే మొత్తం ఎత్తు సుమారు 789 మిల్లీమీటర్లు. 245/75 ఆర్16 అయితే 774. తేడా 15 మిల్లీమీటర్లే. కానీ చిన్న చక్రం అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరగాలి. టూ వీల్‌లో నడుస్తున్నప్పుడు ఆ తేడాని వెనక డిఫరెన్షియల్ (రెండు వైపులా వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) మోస్తుంది, అది కూడా ఊరికే కాదు, వేడెక్కుతూ. మన దగ్గర తిరిగే తార్, జిమ్నీ లాంటి పార్ట్ టైమ్ ఫోర్ వీల్ బళ్ళలో, అంటే అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకీ వేసుకునే వాటిలో, ముందు యాక్సిలుకీ వెనక యాక్సిలుకీ మధ్య డిఫరెన్షియల్ ఉండదు కాబట్టి, ఫోర్ హైలో వేయగానే రెండూ ఒకే వేగంతో తిరగాల్సిందే. బురదలో చక్రం జారుతుంది కాబట్టి సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద జారడానికి చోటు లేక ఒత్తిడంతా రెండు యాక్సిళ్ళకీ ఇంజను బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో చిక్కుకుంటుంది. నాలుగు టైర్లూ సమానంగా ఉన్నా పొడి రోడ్డు మీద ఫోర్ హై వాడకూడదు, పొట్టి టైరు ఉంటే ఆ చిక్కు ఇంకా తొందరగా వస్తుంది.

అందుకే నా మాట ఒకటే: ఐదోది మిగతా నాలుగింటితో అన్ని రకాలుగా సమానంగా ఉండాలి. సైజు, కంపెనీ, మోడలు, వీలైతే అరుగుదల కూడా. జిమ్నీకి 195/80 ఆర్15 తీసి 215/75 ఆర్15 వేయించుకునేవాళ్ళు చాలామంది ఐదోదాన్ని పాతదే ఉంచేస్తారు, అక్కడ కూడా పది మిల్లీమీటర్ల తేడా వస్తుంది. టైర్లు మారిస్తే ఐదూ మార్చండి. డబ్బు చాలకపోతే ఇంకో రెండు నెలలు ఆగి ఐదూ ఒకేసారి కొనండి.

కొత్త బండి కొనేవాళ్ళు స్టెప్నీ ఫుల్ సైజా కాదా అని అడిగి, కళ్ళతో చూసి తీసుకోండి. 80 అని స్టిక్కర్ ఉన్న సన్న టైరు అయితే గంటకి 80 కిలోమీటర్లు దాటకుండా పంక్చర్ షాపు దాకా చేరడానికే. 2020 అక్టోబరు నుంచి పంక్చర్ కిట్టు, టైర్లలో గాలి ఎంతుందో చూపించే సిస్టమ్ ఉన్న కార్లకి స్టెప్నీ లేకపోయినా చట్టం ఒప్పుకుంటుంది. ఊళ్ళో తిరిగే బండికి అది చాలు. తలకోన వైపు నెరబైలు దాటి వెళ్ళేవాళ్ళకీ, పలమనేరు, కుప్పం వైపు క్వారీ రాళ్ళ దారుల్లో తిరిగేవాళ్ళకీ చాలదు.

కొనేటప్పుడు సైజు పక్కనే ఉండే అంకె, అక్షరం కూడా చదవండి. అంకె బరువుకి, అక్షరం వేగానికి గుర్తు. 96 అంటే ఒక్కో టైరు 710 కిలోలు మోస్తుంది, 112 అంటే 1120 కిలోలు. కంపెనీ ఇచ్చిన దానికంటే తక్కువది వద్దు. తర్వాత తయారీ తేదీ. నాలుగు అంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం. స్టెప్నీలు మోసం చేసేది ఇక్కడే. నేలని పట్టే బటన్లు నిండుగా కనిపిస్తాయి, కానీ రబ్బరు ముసలిదైపోయి ఉంటుంది. ఆరేళ్ళు దాటితే ఏటా షాపులో విప్పించి చూపించండి, పదేళ్ళు దాటితే ఎంత బాగా కనిపించినా తీసేయండి. పాత టైర్ల షాపుల్లో పాలిష్ కొట్టి నల్లగా మెరిసేలా పెడతారు. వేలితో బటన్ల మధ్య సందులు విడదీసి చూస్తే సన్నటి పగుళ్ళు బయటపడతాయి. అరిగిన టైరుకి కొత్త రబ్బరు పొర అతికించిన రీసోలింగ్ టైరు ఈ పనికి వద్దే వద్దు.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. అల్లాయ్‌లకి వేరే నట్లు వేయించి, స్టెప్నీ మాత్రం స్టీలు డిస్కే అయితే, ఆ నట్లు డిస్కు మీద సరిగా కూర్చోకపోవచ్చు. ఒకసారి ఇంటి దగ్గరే బిగించి చూడండి. కూర్చోకపోతే డిస్కుకి పనికొచ్చే నట్లు ఒక సంచిలో వేసి బండిలోనే ఉంచుకోండి.

ఇక ఎక్కడ పెట్టాలి. వెనక తలుపు మీద ఉన్నదే మేలని నాకు అనిపిస్తుంది, చేతికి అందుతుంది, కంటికి కనిపిస్తుంది. కాకపోతే బరువైన మడ్ టైరు వేస్తే తలుపు కీళ్ళు కుంగుతాయి. తలుపు తెరిచి పట్టుకుని కాస్త పైకెత్తి చూస్తే ఆట ఉందో లేదో తెలుస్తుంది. పెద్ద టైరు కెమెరానో లైటునో మూసేస్తుందేమో కూడా చూసుకోండి. బండి కింద వేలాడే రకమైతే ఆ గొలుసో కేబులో బురద పట్టి తుప్పు తింటుంది. ఆరు నెలలకోసారి దించి, కడిగి, గ్రీజు పెట్టి మళ్ళీ ఎక్కించాలి, లేకపోతే భాకరాపేట ఘాట్‌లో చీకటి పడ్డాక అది దిగనంటుంది. పైన క్యారియర్ మీద పెడితే బండి బరువు పైకెక్కి మలుపుల్లో ఒరుగుతుంది. పాతిక కిలోలు దాటే చక్రాన్ని ఒక్కరే దించడం కూడా మాటలు కాదు. లోపల పెట్టేవాళ్ళు బెల్టుతో గట్టిగా కట్టాలి, గట్టిగా బ్రేకు కొడితే ఊరికే పెట్టిన చక్రం ముందుకొచ్చి మనుషులకి తగులుతుంది.

తిరుపతి ఎండ సంగతి చెప్పక్కర్లేదు. మే నెలలో పడమటి ఎండ తగిలేలా రోజూ ఒకే చోట నిలిపితే టైరు ఒక్క వైపే ఎండిపోతుంది. కవరు వేయండి, కానీ కింద నీళ్ళు కారిపోయే రంధ్రం ఉన్నదే కొనండి, లేకపోతే వాననీళ్ళు రిమ్ములో నిలిచి నట్లు తుప్పు పడతాయి. ఇంట్లో దాచిపెట్టే టైర్లయితే, రిమ్ముతో ఉన్నవి పడుకోబెట్టి, రిమ్ము లేనివి నిలబెట్టి, పెట్రోలూ డీజిలూ తగలని, మోటారుకి దూరంగా ఉన్న నీడ చోట పెట్టండి. మోటార్ల దగ్గర పుట్టే ఓజోన్ రబ్బరుని పగలగొడుతుంది.

గాలి నెలకి ఒకటి రెండు పీఎస్‌ఐ దానంతటదే తగ్గుతుంది. అందుకని స్టెప్నీలో మామూలు కంటే మూడు నాలుగు ఎక్కువ కొట్టించి, బిగించాక తగ్గించుకుంటే సరి. పొద్దున్నే, బండి తీయకముందు చూడండి, మధ్యాహ్నం చూస్తే వేడికి ఎక్కువ చూపిస్తుంది.

ఐదూ సమానంగా అరగాలంటే తిప్పాలి. దాదాపు 8000 కిలోమీటర్లకోసారి వెనకవి నేరుగా ముందుకి, ముందు కుడిది వెనక ఎడమకి, స్టెప్నీ వెనక కుడికి, ముందు ఎడమది స్టెప్నీ స్థానానికి. టైరు మీద బాణం గుర్తు ఉంటే ఇలా అడ్డంగా మార్చకూడదు.

షాపులో ఎయిర్ గన్‌తో బిగిస్తే, దారిలో మన వీల్ స్పానర్‌కి నట్లు కదలవు. చివరి బిగింపు చేత్తోనే వేయమని అడగండి. మన ఎర్రమట్టిలో జాకీ దిగబడుతుంది, అడుగున్నర పొడవుండే మందపాటి చెక్క ముక్క ఒకటి సీటు వెనక పడేయండి. సస్పెన్షన్ ఎత్తు పెంచినవాళ్ళు పాత జాకీ అందుతుందో లేదో ఇంట్లోనే లేపి చూసుకోండి. స్టెప్నీకి తాళం నట్టు వేస్తే దాని కీ డాష్‌బోర్డులోనే ఉంచి, ఆ బండి నడిపే ప్రతి ఒక్కరికీ చూపించండి. మార్చిన చక్రం నట్లు ఓ 80, 100 కిలోమీటర్లు పోయాక ఆపి మళ్ళీ బిగించండి.